నవ్వు ప్రమాణమగునా?

విదూషకుడు రాజునకు నిజము చెప్పవచ్చును. రాజు నవ్వుచు వినవచ్చును. కాని విదూషకుని పరిహాసమునే సాక్ష్యముగా గైకొని తీర్పు చెప్పు రాజును ప్రాజ్ఞుడని యెవ్వరందురు? అమెరికా దేశమున ప్రజలే అట్టి రాజులైరి. ఆ తెగులు మనకును సోకుచున్నది.

ఇందు మొదటి దోషులు వార్తావ్యవసాయము చేయువారే. 2003లో ఇరాకుపై దండెత్తుటకు ముందు, అచ్చట మారణాయుధముల నిల్వలున్నవని ప్రభుత్వము చెప్పిన మాటను అచ్చటి పెద్ద పత్రికలు చాలినంత విచారణ లేకయే ప్రకటించినవి. యుద్ధము జరిగెను, నిల్వలు కానరాలేదు. తమ పరిశీలన చాలలేదని న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2004 మే 26వ తేదీన తానే యొప్పుకొనెను. ఇల్లు కాలిన పిదప నూయి త్రవ్విన చందము! ఇక రేడియో, టెలివిజనుల మాట. వివాదవిషయములందు భిన్నాభిప్రాయములను వినిపింపవలెనని 1949లో ఏర్పడిన నియమము 1987లో రద్దయ్యెను. పక్షపాతమే సరకుగా అమ్ముకొను వారికి అడ్డు తొలగెను.

ప్రజల విశ్వాసము సడలినచోట హాస్యగాడు పీట వేసికొనెను. జాన్ స్టీవర్టు 1999 మొదలు ‘డైలీ షో’లో వార్తలను వెక్కిరించి ఖ్యాతి గడించెను. 2004 అక్టోబరులో సి.ఎన్.ఎన్. వారి ‘క్రాస్‌ఫైర్’ చర్చలో, మీ జగడములు దేశమునకు చేటని వారి యెదుటనే చెప్పెను. నీ ప్రశ్నలలో మాత్రము పస యేదని వారడుగగా, నా ఆటకు ముందు వచ్చునది బొమ్మలాట గదా యని తప్పుకొనెను. మొదటి మాట సత్యము; రెండవది దొడ్డిదారి. 2007లో ప్యూ పరిశోధనకేంద్రము వారు మీరు మిక్కిలి మెచ్చు పాత్రికేయు డెవ్వడని యడుగగా, ఈ హాస్యగాడు పేరుమోసిన విలేఖకులతో సమముగా నాల్గవ స్థానమున నిలిచెను. గౌరవము పాత్రికేయునిది, బాధ్యత విదూషకునిది! ఇది యెక్కడి న్యాయము?

ఫలమేమో చూడుడు. 2008లో బిల్ మార్ అను మరియొక హాస్యగాడు ‘రెలిజులస్’ అను చిత్రమున మతముల పుట్టుపూర్వోత్తరములు విచారింప బూనెను. ఈజిప్టు దేవుడు హోరసు కన్యకు పుట్టి, శిలువపై మరణించి, మరల లేచెనట. మన శ్రీకృష్ణుడు వడ్రంగియట; కన్యకు జన్మించెనట; నదిలో జ్ఞానస్నానము పొందెనట! దేవకి యెనిమిదవ గర్భమున జన్మించి, నందుని యింట పెరిగి, ఆలమందలను గాచిన గోపాలుడు ఉలి పట్టినదెన్నడు? కాళియమర్దనమే జ్ఞానస్నానమైనదో యేమో! కెర్సీ గ్రేవ్స్ 1875లో ప్రకటించిన గ్రంథము వంటివానినుండి యిట్టి పట్టికలు చేతులు మారుచు వచ్చుచున్నవి. మూలము నెవ్వడును విప్పి చూడడు.

ఇంట భాగవతమున్నది గావున ఈ బొంకు మనకు తెలిసినది. మరి హోరసు సంగతి? ఐసిస్ చనిపోయిన తన భర్త ఒసిరిసు వలననే అతనిని గర్భమున ధరించెనని ఈజిప్టు కథ. శిలువ ప్రసక్తియే లేదు. అది తెలియక, పరమతముపై విసరిన రాయి గదా యని మనలో నెందరు చప్పట్లు గొట్టలేదు?

మతకథల మూలములను వెదకవలదని మా వాదము గాదు, లెస్సగా వెదకవలెను. 1872లో జార్జి స్మిత్ అను పండితుడు బ్రిటిషు మ్యూజియములోని మట్టిపలకలను చదివి, బైబిలులోని జలప్రళయమును బోలిన కథ బాబిలోను వారికిని గలదని లోకమునకు చాటెను. శతపథబ్రాహ్మణమున మనువును మత్స్యము రక్షించిన కథను వీనితో బోల్చి చూచుట విజ్ఞానమే. పలక యున్నది, లిపి యున్నది. కాదనువాడు పోయి చదువుకొనవచ్చును. హాస్యగాని పట్టికకు చప్పట్లు దప్ప సాక్షి యేడి?

నవ్వించువానిని చెరసాలకు పంపుడని మేమనము. అది పిరికివాని మార్గము. వార్త చెప్పితినన్న వానిని, వాడు గద్దెపై నున్నను రంగస్థలముపై నున్నను, ఆధారమేదని యడుగుడు. మనకు నచ్చిన మాట చెప్పినవానిని మొదట నడుగుడు. అడుగుట మానిన జాతికి పత్రికయు నక్కరలేదు, విదూషకుడే చాలును.