ఒకే బేరం మీద బతికిన ఊరు

గాంధీ జయంతి వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతుంది. మీరూ చూసే ఉంటారు. కొల్లాయి కట్టి శాలువా కప్పుకున్న గాంధీ, చుట్టూ ఇంగ్లండు మిల్లు ఆడకూలీలు. నోరారా నవ్వుతూ చేతులెత్తి జేజేలు కొడుతున్నారు. 1931 సెప్టెంబరు 26న లంకాషైర్‌లో డార్వెన్ అనే ఊళ్లో, గ్రీన్‌ఫీల్డ్ మిల్లు దగ్గర తీసిన ఫొటో అది. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లిన ఆయన్ని మిల్లు యజమానుల కుటుంబమొకటి పిలిచింది, మా ఊరి అవస్థ కళ్లారా చూసి వెళ్లమని. ‘ఎవరి వల్ల పని పోయిందో ఆయనకే దణ్ణం పెట్టారు’ అని ఫొటో కింద రాస్తుంటారు. వినడానికి బాగుంటుంది. సగమే నిజం.

ఆ ఊరి పని గాంధీ వల్ల పోలేదు. పోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ఊరు అంతకు డెబ్బై ఏళ్ల ముందు నుంచే చేసుకుంటూ వచ్చింది.

మాంచెస్టర్‌కి ఉత్తరాన, బీడు కొండల మధ్య ఇరుకు లోయలో ఉంటుంది డార్వెన్. దారం తెగకుండా కాపాడే తేమగాలి, మెత్తటి నీళ్లు, దగ్గర్లో బొగ్గు. మిల్లుకి ఇంకేం కావాలి? లంకాషైర్‌లో ఊళ్లు పని పంచుకున్నాయి. దక్షిణాన ఓల్డామ్, బోల్టన్ నూలు వడికేవి. ఉత్తరాన బ్లాక్‌బర్న్, బర్న్‌లీ, డార్వెన్ నేసేవి. నేతలో మళ్లీ వాటాలు. బర్న్‌లీది అద్దకానికి పోయే గుడ్డ. బ్లాక్‌బర్న్, డార్వెన్‌లవి ఎక్కువగా ఇండియాకి పోయే పంచెలు, చొక్కా గుడ్డలు. రంగు అంచుతో సహా అక్కడే నేసి పంపేవారు. మన తాతలు కట్టిన సీమ పంచెలు ఆ లోయల్లోంచి వచ్చినవే.

ఆ గుడ్డ గుట్టు కాస్త చెప్పాలి. పడుగుకి గంజి పెట్టడం మన నేతగాళ్లకి తెలియనిది కాదు, దారం బలానికి పెడతారు. అక్కడ గంజిలో తెల్ల బంకమట్టి కలిపేవారు. నూలు తక్కువ, తూకం ఎక్కువ. కొట్లో చేత్తో పట్టుకుంటే దిట్టంగా ఉండే పంచె, చాకిరేవుకి పోయి వచ్చేసరికి జాలీ అయ్యేది. మట్టి పట్టిన పడుగు ఎండితే పుటుక్కున తెగుతుంది కాబట్టి షెడ్లలోకి ఆవిరి వదిలేవారు. పొద్దస్తమానం ఆ ఆవిరిలో తడిసి, సాయంత్రం చలిగాలిలోకి నడిచే నేతకత్తెల ఊపిరితిత్తులు ఏమవుతాయో వేరే చెప్పనక్కర్లేదు. కార్మికులు గోల పెట్టగా పెట్టగా 1889లో తేమకి హద్దు పెడుతూ చట్టం వచ్చింది. మనకి మట్టి అంటగట్టారని మనకి కోపం రావచ్చు. ఆ మట్టి ముందు పోయింది వాళ్ల గొంతుల్లోకి.

నాడెలో కండె మార్చినప్పుడల్లా నాడె కంతకి నోరానించి దారాన్ని పీల్చి బయటికి లాగేవారు. ఆ పనికి ‘నాడెని ముద్దు పెట్టుకోవడం’ అని పేరు. ఒకరి నోరు తగిలిన నాడె ఇంకొకరి నోటికి. మనిషికి నాలుగు మగ్గాలు, ఆ మోతలో మాట వినపడదు. అందుకని పెదాలు కదిపి, మొహం తిప్పి మాట్లాడుకునేవారు. ఒక్క విషయంలో మాత్రం ఆ షెడ్లు మెచ్చుకోదగినవి: నేసిన గుడ్డకి ఇంత అని ఉండే కూలి రేటు ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

ఊళ్లో ఎటు నుంచి చూసినా కనిపించేది ఇండియా మిల్లు పొగగొట్టం. ఎక్లెస్ షోరాక్ అనే మిల్లు యజమాని 1860లలో కట్టించాడు. వెనిస్ సెయింట్ మార్క్ గంటస్తంభం పోలికలో, రంగురంగుల ఇటుకలతో, సుమారు 300 అడుగులు. పొగ వదలడానికి అంత సోకా అనకండి, ఇండియా బేరం మీద ఆ ఊరికి ఉన్న ధీమా అది. అదే సమయంలో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక లంకాషైర్ 1861 నుంచి 1865 దాకా పస్తులుంది. అప్పుడు మన పత్తి మీద పడ్డారు. ఇండియా నుంచి వచ్చిందంతా వాళ్ల నోట ‘సూరత్’ పత్తే. పోగు పొట్టి, చెత్త ఎక్కువ, తెగిన దారాలు అతకడంతోనే రోజు గడిచిపోయి కూలి రాలేది కాదు. దేవుడా, పత్తి పంపు, సూరత్‌ది మాత్రం వద్దు అని మొక్కుకునేవారట. గుంటూరు, కృష్ణా సీమల ఎర్రజీర దూది మాత్రం కాకినాడ రేవులో ఓడలెక్కి, వర్తకుల పద్దుల్లో ‘కొకనాడాస్’ అని రేవు పేరే తగిలించుకుంది.

ఇక లెక్క చూడండి. 1913లో లంకాషైర్ సుమారు 700 కోట్ల గజాల గుడ్డ ఎగుమతి చేస్తే, అందులో 300 కోట్ల గజాలు ఒక్క ఇండియాకే. ఆ బేరాన్ని కాపాడుకోవడానికి ఎంత పనైనా చేశారు. 1896లో మన మిల్లు గుడ్డ మీద మూడున్నర శాతం ఎక్సైజు వేయించారు, మన దేశంలో మనం నేసుకున్న దానికి! మొదటి ప్రపంచయుద్ధంలో ఓడలు దొరక్క సరుకు ఆగిపోతే, ఆ ఖాళీలోకి బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు, జపాన్ వాళ్లు దూరారు. తర్వాత 1930, 31లో మన దగ్గర దిగుమతి సుంకాలు పెరిగాయి. విదేశీ వస్త్ర బహిష్కారం వీటన్నిటి మీదా పడ్డ దెబ్బ. గట్టి దెబ్బే, కాదనను. కానీ పాత మగ్గాలు మార్చకుండా, వేరే బేరం వెతకకుండా కూర్చున్న యజమానులకి గాంధీ మంచి సాకు దొరికాడు. మీ దగ్గర 30 లక్షల మందికి పని లేదు, మా దగ్గర 30 కోట్ల మందికి ఏడాదిలో సగం రోజులు పని లేదు అని ఆయన అక్కడి వాళ్లకి చెప్పాడు. కూలీలకి ఆ లెక్క అర్థమైంది.

ఈ ఊరివాళ్లు నోరు మూసుకుని పడి ఉండే రకం కాదు. 1879లో ఎఫ్ఏ కప్ ఫుట్‌బాల్ పోటీలో మిల్లు కూలీల జట్టు డార్వెన్, దొరబిడ్డల ఓల్డ్ ఈటోనియన్స్‌తో ఆడుతూ 5-1 వెనకబడి, 5-5 చేసింది. అదనపు సమయం ఆడటానికి దొరలు ఒప్పుకోలేదు. మళ్లీ లండన్ వెళ్లడానికి ఊరంతా చందాలేసుకుంది. మూడోసారి ఓడారనుకోండి. కొండ మీద బీడు దారుల్ని భూస్వామి మూసేస్తే కోర్టుల దాకా పోరాడి 1896లో తెరిపించారు. రెండేళ్లకి అక్కడే జూబిలీ టవర్ లేచింది. పేరు విక్టోరియా రాణిది, పండగ దారులది.

మరి మిల్లులు పోయాక ఊరు ఎందుకు మాసిపోలేదు? నా దృష్టిలో దానికి కారణం గుడ్డ కాదు, గోడ కాగితం. 1839లోనే పాటర్ల కంపెనీ ఈ ఊళ్లో గోడ కాగితాలు యంత్రం మీద అచ్చువేసే పద్ధతి కనిపెట్టింది. కాగితాల వెంట రంగుల తయారీ వచ్చింది. క్రౌన్ పెయింట్స్ ఇవాళ్టికీ డార్వెన్‌దే. ఇండియా మిల్లు 1991లో మూతపడి ఆఫీసులకి పోయింది. పక్కనే ఉన్న బ్లాక్‌బర్న్‌లో ఆఖరి రోజుల్లో రాత్రి షిఫ్టులు నడపడానికి వచ్చిన వాళ్లలో చాలామంది భరూచ్, సూరత్ ప్రాంతాల వాళ్లు. సూరత్ పత్తి వద్దని మొక్కుకున్న చోట చివరికి సూరత్ మనుషులే మగ్గం నడిపారు.

ఇదంతా చదువుతుంటే నాకు సిరిసిల్ల గుర్తొస్తోంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డరు మీద మరమగ్గాలు ఆడాయి. ఆ ఆర్డరు ఆగగానే ఊరు ఉక్కిరిబిక్కిరైంది. ప్రభుత్వ ఆర్డరు ఇమ్మని అడగడం న్యాయమే, అడగాలి. దాంతోపాటు రెండో బేరగాడెవరో, మూడో బేరగాడెవరో చూపించమని ప్రభుత్వాన్నీ, మరమగ్గాల యజమానులనీ ఇప్పుడే నిలదీయండి.