నలుగురిలో ఒకరి పెళ్లి లెక్కలోకి రాని ఉమ్మడి స్మృతి

ఉమ్మడి పౌరస్మృతి మీద మన చర్చంతా ఒకే ఇరుకు సందులో తిరుగుతోంది. కావాలనేవారు ముస్లింల పెళ్లిళ్ల గురించి మాట్లాడతారు. వద్దనేవారు ముస్లింల హక్కుల గురించి మాట్లాడతారు. హిందువులందరిదీ ఒకే తరహా కుటుంబమని, వారికి ఒకే చట్టం చేసే పని 1955లోనే పూర్తయిందని చెప్పే అబద్ధాన్ని మాత్రం ఇద్దరూ ముట్టుకోరు. ఆ అబద్ధం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజు కూడా నిలబడదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఇక్కడ పెళ్లయిన స్త్రీలలో సుమారు నలుగురిలో ఒకరు బంధువునే చేసుకున్నారు. దేశ సగటు 11 శాతం. తమిళనాడు, కర్ణాటకల లెక్క కూడా మనకు దగ్గరగానే ఉంది. నలుగురిలో ఒకరంటే ఏ మారుమూలనో మిగిలిపోయిన వింత ఆచారం కాదు, మన మధ్య బతుకుతున్న సంసారాలు.

మన కుటుంబాలన్నీ ఒకే తరహా కావని మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే 1953లోనే రాశారు. ‘కిన్‌షిప్ ఆర్గనైజేషన్ ఇన్ ఇండియా’లో దేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు అని నాలుగు బంధుత్వ మండలాలుగా చూపించారు. ఉత్తరాదిన పెళ్లంటే పరాయి ఊరితో, పరాయి వంశంతో కొత్త సంబంధం. దక్షిణాదిన అది ఉన్న బంధుత్వాన్నే మళ్లీ ముడివేయడం. ఈ పుస్తకం వచ్చిన రెండేళ్లకు హిందూ వివాహ చట్టం వచ్చింది. ‘యుగాంత’కు 1968లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కాబట్టి కర్వేను మహాభారత వ్యాఖ్యాతగా అందరూ తలచుకుంటారు. కుటుంబాల మీద ఆమె చేసిన అసలు పనిని విశ్వవిద్యాలయాల సిలబస్‌కు వదిలేశారు.

మనుషులందరినీ ఒకే కొలబద్దతో కొలిస్తే ఏమవుతుందో ఆమె దగ్గరనుంచి చూశారు. 1927లో బెర్లిన్ వెళ్లి, కైజర్ విల్‌హెల్మ్ సంస్థలో ఆయిగెన్ ఫిషర్ దగ్గర పరిశోధనలో చేరారు. తెల్లజాతివారి పుర్రెలో కుడి ఎడమల తేడా ఎక్కువని, వారి తెలివికి అదే గుర్తని ఫిషర్ ఊహ. ఆమె 149 పుర్రెలు కొలిచి, ఆ తేడాకూ జాతికీ సంబంధం లేదని తేల్చారు. గురువు సిద్ధాంతం తప్పని గురువు సంస్థలోనే రాశారు. కొన్నేళ్లకే ఆ సంస్థ నాజీల జాతి విధానానికి ఊడిగం చేసింది. అయినా స్వదేశం వచ్చాక ఆమె కులాలను, తెగలను కొలవడం మానలేదు, ఆమె కుటుంబ అధ్యయనం ప్రధానంగా హిందూ సమాజం చుట్టూనే తిరిగింది. ఈ విమర్శలు న్యాయమైనవే. వాటివల్ల నాలుగు మండలాల పటం మాత్రం చెరిగిపోదు.

ఆ పటంలో ఆడపిల్ల ఎక్కడుందన్నది కర్వేకు ముఖ్యమైన ప్రశ్న. ఉత్తరాది కోడలు ముక్కూ మొహం తెలియని ఇంట్లో, తలమీద ముసుగుతో కాపురం మొదలుపెడుతుంది. పుట్టిల్లు దూరం, కష్టం చెప్పుకునే దిక్కు దూరం. మేనత్త ఇంటికి కోడలిగా వెళ్లిన పిల్ల చిన్నప్పటినుంచీ తిరిగిన గడపలోనే అడుగుపెడుతుంది. 1983లో పరిశోధకులు టిమ్ డైసన్, మిక్ మూర్ ఈ తేడానే తీసుకుని, బంధుత్వ పద్ధతికీ స్త్రీల స్వతంత్రతకూ, సంతానం సంఖ్యకూ, పసిపిల్లల మరణాలకూ లంకె చూపించారు. ఆ లంకెలో దక్షిణాది మెరుగ్గా ఉంది. అలాగని మేనరికమంతా స్త్రీకి మేలని అనను. ఆస్తి గడప దాటకూడదని పదహారేళ్ల పిల్లను మేనమామకు కట్టబెట్టిన ఇళ్లు మనకు తెలుసు. అక్కడ అడగాల్సినది పిల్ల వయసు ఎంత, ఆమె ఒప్పుకుందా అని.

1955 చట్టం ఏం చేసిందో చూడండి. మేనమామ మేనకోడలు, అన్నాచెల్లెళ్ల పిల్లలు నిషిద్ధ సంబంధాల కిందికి వచ్చారు. ‘ఆచారం అనుమతిస్తే తప్ప’ అని ఒక మినహాయింపు తోడైంది. అంటే ఉత్తరాది నియమమే చట్టమైంది, నలుగురిలో ఒకరి పెళ్లి మినహాయింపులో తలదాచుకుంది. వివాదం వస్తే, ఆచారం ఉందని చెప్పుకునేవారే దాన్ని రుజువు చేయాలి. భర్త కాదన్ననాడు మనోవర్తి కోసం కోర్టు మెట్లెక్కిన స్త్రీకి ఇది ఎంత బరువో ఊహించవచ్చు.

ఉత్తరాఖండ్ 2024లో చేసి, 2025 జనవరిలో అమల్లోకి తెచ్చిన స్మృతి ఇదే దారిని ఇంకా బిగించింది. పురుషుడికి 37, స్త్రీకి 37 నిషిద్ధ సంబంధాల జాబితా ఇచ్చింది. మేనత్త కూతురు, మేనమామ కూతురు అందులో ఉన్నారు. ఆచారానికి చోటుంది, అయితే అది ప్రజావిధానానికీ నైతికతకూ విరుద్ధం కాకూడదు. ఎవరి నైతికత? డెహ్రాడూన్‌లో కూర్చున్నవారి ఊహకు మేనరికం అందుతుందా? షెడ్యూల్డ్ తెగలను మాత్రం పూర్తిగా బయట ఉంచారు. గిరిజనుల భిన్నత్వాన్ని గుర్తించగలిగినవారికి ఆంధ్రలో నలుగురిలో ఒకరి భిన్నత్వం ఎందుకు కనిపించదు?

వైద్యుల అభ్యంతరం ఒకటి ఉంది. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు కొన్ని జన్యువ్యాధుల ముప్పు పెరుగుతుంది, అది నిజం. దానికి కావలసింది ఏరియా ఆసుపత్రిలో జన్యు సలహా, పుట్టిన బిడ్డకు పరీక్షలు. పెళ్లి చెల్లదంటే జబ్బు తగ్గదు, భార్య హక్కు పోతుంది.

ఒకే చట్టం ఉంటేనే స్త్రీలకు న్యాయమన్న వాదం నాకు అన్నిటికంటే చిరాకు తెప్పిస్తుంది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది. దేశమంతా ఒకే అడుగు వేయాలని కట్టుబడి ఉంటే తెలుగు ఆడపిల్లలు పంతొమ్మిదేళ్లు ఆగాల్సి వచ్చేది. ఉమ్మడి స్మృతి ఈ దశలో అవసరమూ కాదు, అభిలషణీయమూ కాదని 21వ లా కమిషన్ 2018లో చెప్పింది. వివక్షను తొలగించండి, తేడాను కాదు అన్నది ఆ పత్రం సారం. దాన్ని పక్కనపెట్టి, తర్వాతి కమిషన్ 2023లో మళ్లీ అభిప్రాయాలు కోరింది.

ఢిల్లీలో ఈ మాట చెప్పాల్సిన తెలుగు ఎంపీలు పార్టీ విప్ చూసుకుని నోరు కట్టుకుంటున్నారు. మైనారిటీల సమస్య అని ఒకరు, జాతీయ ఐక్యత అని మరొకరు తప్పించుకుంటున్నారు. తమ సొంత నియోజకవర్గంలో ఎన్నో కాపురాలు ఉత్తరాఖండ్ జాబితాలోని నిషిద్ధ సంబంధాలేనని వారికి తెలియదా? తెలిసీ మాట్లాడకపోతే, దేశమంతటికీ ఉమ్మడి స్మృతి ముసాయిదా వచ్చిన రోజున 37 సంబంధాల పట్టికను తెలుగులో అచ్చువేసి, ఓటర్ల ఇంటింటికీ వారే స్వయంగా పంచాలి.