జీతంలో కోత – ఎవరి చేతిలో అమానతు?

నెల మొదటి వారంలో ఇంటి ఖర్చుల లెక్క వేసుకునేటప్పుడు మనం చేతికి వచ్చిన మొత్తాన్నే చూస్తాము. జీతపు చీటీలోని కోతలను అంతగా పట్టించుకోము. “పట్టుకునేవి పట్టుకున్నారు, మిగిలినదే మన రిజ్క్” అని సరిపెట్టుకుంటాము. ఈ మాసం ఆ కోతల గురించే పాఠకులతో కలిసి ఆలోచించదలిచాము. చేతికి రాని ఆ సొమ్ము కూడా చెమటోడ్చి సంపాదించినదే. అది ఖర్చయిపోయిన సొమ్ము కాదు, ఇతరుల చేతిలో ఉన్న అమానతు.

ఒక ఉదాహరణ తీసుకుందాము. హైదరాబాదులోని ఒక కర్మాగారంలో పనిచేసే సోదరుని జీతం నెలకు 18,000 రూపాయలు అనుకుందాము. అందులో భవిష్యనిధికి లెక్కించే వేతనం 15,000 అయితే, 12 శాతం చొప్పున 1,800 రూపాయలు పీఎఫ్‌కు వెళతాయి. ఈఎస్‌ఐకి 0.75 శాతం, అంటే 135 రూపాయలు. వృత్తి పన్ను 150. ఉద్యోగుల పొదుపు సంఘానికి 1,000. వెరసి 3,085 రూపాయలు. ఇంటికి చేరేది 14,915.

ఈ కోతలకు తోడు యజమాని తన వంతుగా కట్టవలసినది కూడా ఉన్నది. పీఎఫ్‌కు మరో 12 శాతం, అందులో 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది. ఈఎస్‌ఐకి 3.25 శాతం. ఈ రెండు ఖాతాల సొమ్మూ మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. కార్మికుని జీతం నుంచి పీఎఫ్ పేరుతోనో ఈఎస్‌ఐ పేరుతోనో కోసి, ఆ ఖాతాలో కట్టని యజమానిని మన దేశపు శిక్షాస్మృతి నమ్మకద్రోహం చేసినవానిగా పరిగణిస్తుంది. అమానతులో ఖయానత్ అని మనం అనే దానినే చట్టం కూడా నేరమంటున్నదన్న మాట. అయితే ఖాతా చూసుకోనివారికి ఆ చట్టం ఎలా అక్కరకు వస్తుంది? పీఎఫ్ పాస్‌బుక్కును ఫోనులోనే చూసుకునే వీలున్నది. మూడు నెలలకొకసారి తెరిచి చూడడం ఇంట్లో చదువుకున్న అమ్మాయికో అబ్బాయికో పెద్ద పని కాదు.

ఈఎస్‌ఐ సంగతి కొంత వేరు. నెల వేతనం 21,000 రూపాయలు మించనివారికి ఇది వర్తిస్తుంది. భార్యాబిడ్డలకు వైద్యం, పనిచేసే స్త్రీకి ప్రసవ సమయంలో 26 వారాల వేతనం, జబ్బుపడి పనికి పోలేని రోజులకు భృతి ఇందులో ఉన్నాయి. కాని బాధ్యత రెండుగా చీలి ఉన్నది. చందా వసూలు, నగదు భృతి కేంద్ర సంస్థ అయిన ఈఎస్‌ఐ కార్పొరేషన్ చూస్తుంది. మన బస్తీలోని డిస్పెన్సరీని నడిపేది రాష్ట్ర ప్రభుత్వం. భృతి రాకపోతే కార్పొరేషన్ శాఖా కార్యాలయాన్ని, మందులు లేకపోతే రాష్ట్ర వైద్య విభాగాన్ని అడగాలి. ఈ తేడా తెలియక ఒక గుమ్మం నుంచి మరో గుమ్మానికి తిరిగి, విసిగి, చివరకు అప్పు చేసి ప్రైవేటు ఆసుపత్రికి పోయే కుటుంబాలు ఎన్నో!

పొదుపు సంఘం మన చేతిలో ఉన్న సంస్థ. వాటా ఎంత ఉన్నా సభ్యునికి ఒకటే ఓటు. సభ్యుడే యజమాని. కాని ఇక్కడ కూడా ఆదమరచి ఉండరాదు. బ్యాంకులో దాచిన సొమ్ముకు 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉన్నది. ఇటువంటి పరపతి సంఘాలలో దాచినదానికి ఆ రక్షణ లేదు. తెలంగాణ ఆర్టీసీ కార్మికుల పరపతి సహకార సంఘం, జీతాల నుంచి మినహాయించిన సొమ్మును సంస్థ తమకు జమ చేయలేదంటూ హైకోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. బిడ్డ పెండ్లికని, ఇంటి కప్పుకని దాచుకున్న సొమ్ము అక్కరకు అందకపోతే ఆ ఇల్లు ఏమైపోవాలి?

ఇక అప్పుపై వడ్డీ ప్రశ్న. అందువల్ల సంఘాలకే దూరంగా ఉండేవారు మనలో ఉన్నారు. దూరంగా ఉండడమొక్కటే మార్గం కాదు. హైదరాబాదులో జన్మించిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఈ నగరంలోని వడ్డీరహిత పరపతి సంఘాల గురించి 1955లోనే వ్రాశారు. నిర్వహణకు నిజంగా అయిన ఖర్చును మాత్రమే సభ్యులు పంచుకొని, ఖర్జె హసనా ఇచ్చుకునే పద్ధతి మనకు కొత్తది కాదు.

చివరగా వృత్తి పన్ను. రాజ్యాంగం దీనికి ఏడాదికి 2,500 రూపాయల హద్దు విధించింది. కేరళ, తమిళనాడులలో దీనిని పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసుకుంటాయి. మన రెండు రాష్ట్రాలలో వసూలు చేసేది రాష్ట్ర ప్రభుత్వం. 1993లో అమలులోకి వచ్చిన 74వ సవరణ మంచినీరు, పారిశుద్ధ్యం మొదలైన 18 అంశాలను పట్టణ సంస్థలకు అప్పగించదగినవిగా పేర్కొన్నది. కాని బరువు ఒకరి భుజాన, సంచి మరొకరి చేతిలో ఉంటే పని ఎలా సాగుతుంది? మురికికాలువ గురించి కౌన్సిలర్‌ను నిలదీసేటప్పుడు, “మా పట్టణానికి పైనుంచి రావలసినదెంత, వచ్చినదెంత?” అని కూడా అడగడం నేర్చుకోవాలి.

కోత పెట్టిన ప్రతి చేయీ జవాబు చెప్పవలసినదే. అడగవలసిన బాధ్యత మనది. ఈ నెల జీతపు చీటీని పారవేయకండి. భార్యాభర్తలు ఇద్దరూ కూర్చొని ఒక్కొక్క వరుస చదవండి. ప్రతి కోత పక్కన అది ఎవరి చేతిలో ఉన్నదో, జమ అయినదో లేదో వ్రాసుకోండి. సంఘం సర్వసభ్య సమావేశానికి తప్పక వెళ్ళి లెక్క అడగండి. ఇక మనలో పదిమందికి పని కల్పించే యజమానులు ముందుగా తమ చేతిలోని అమానతును చూసుకోవాలి. 15వ తేదీ దాటిందా అన్నది ప్రభుత్వ తనిఖీదారు వచ్చి అడిగే వరకు ఆగవలసిన ప్రశ్న కాదు.