ఆంగ్లమున బేరమాడుట

హైదరాబాదు అమీర్‌పేట వీథులలో నడచిన పాఠకులు గమనించియే యుందురు. ఇంగ్లీషు మాటాడుట నేర్పెదమను ఫలకము లచ్చట మేడమేడకును వ్రేలాడుచున్నవి. ఎదుటివానిని ఒప్పించుటయు, బేరమాడుటయు నేర్పెదమనువారును గలరు. ఈ విద్యను మేము నిరసింపము. మన యువకులు వేలకొలదిగ పరదేశపు వర్తకసంఘములతో దినదినము ఆంగ్లముననే వ్యవహరింపవలసియున్నది. జీతము, గడువు, పని పరిమాణము, అన్నియు ఆ సంభాషణముననే తేలుచున్నవి. కాని నేర్చువాడు దొరల ఉచ్చారణమును, పొందికైన కొన్ని పలుకుబడులను వల్లించి, ఒప్పించు శక్తి వానియందే యున్నదని భ్రమించుచున్నాడు.

ఈ భ్రమకు గాంధీమహాత్ముడును ఒకప్పుడు లోనయ్యెను. 1888లో లండను చేరిన పిమ్మట ఆయన ఉపన్యాసకళ నేర్పు ఉపాధ్యాయుని కొక గినీ ముందుగా చెల్లించి, బెల్ దొర పుస్తకమును గొని, పిట్ ఉపన్యాసముతో పాఠ మారంభించెను. రెండు మూడు పాఠములతోనే మానుకొనెను. బారిష్టరై బొంబాయికి వచ్చి, స్మాల్ కాజ్ కోర్టులో తొలి వ్యాజ్యమున సాక్షులను ప్రశ్నింప లేచి, తల తిరిగి, నోట మాట రాక కూర్చుండిపోయెను. ఆయనకు ఇంగ్లీషు రాదని ఎవ్వ రనగలరు?

ఆయనయే 1893లో దక్షిణాఫ్రికాకు పోయి, దాదా అబ్దుల్లా సేఠునకును, ఆయన బంధువగు తయ్యబ్ సేఠునకును నడచిన వ్యాజ్యమున పనిచేసెను. దావా 40,000 పౌనులు. గాంధీ జమాఖర్చుల శాస్త్రమును చదివి, గుజరాతీ లేఖలను తర్జుమా చేసి, ఆ వ్యవహారమును కక్షిదారులకంటెను క్షుణ్ణముగ నెరిగెను. అటుపై నుభయులను మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. తీర్పు అబ్దుల్లాకు అనుకూలమై 37,000 పౌనులును ఖర్చులును ఇప్పించెను. అంతయు నొక్కసారి చెల్లింపవలసివచ్చినచో తయ్యబ్ సేఠు దివాలా తీయవలసినదే. కావున దీర్ఘకాలపు వాయిదాలకు గెలిచినవానిని ఒప్పింపవలసివచ్చెను. ఉభయులను మధ్యవర్తి యొద్దకు దెచ్చుటకంటె ఇదియే కష్టమయ్యెను. ఇందు బెల్ దొర పాఠము లెంతమాత్రము నక్కరకు రాలేదు.

ఆ ప్రిటోరియాలోనే ఆయన మువ్వురకు ఇంగ్లీషు నేర్పెను: ఒక క్షురకుడు, ఒక గుమాస్తా, ఒక చిల్లర దుకాణదారుడు. వారికి తీరిక లేనిచో తానే వారి యొద్దకు పోయి కూర్చుండెడివాడు. క్షురకుడు తన అంగడికి వచ్చువారితో మాటాడ చాలినంత ఇంగ్లీషు మాత్రమే కోరెను. తన కేమి కావలెనో అతనికి తెలియును. అమీర్‌పేట శిష్యులలో నెందరికి తెలియునో!

మన లోప మింకొకచోట నున్నది. పెద్దలు మాటాడుచుండ ఊఁ కొట్టుట మనకు మర్యాద. వినుచున్నామనియే దాని యర్థము. ఆ ఊఁ ఇంగ్లీషున ‘యస్’ అయినప్పుడు ఎదుటివాడు దానిని సమ్మతిగా వ్రాసికొనును. పది దినములలో పని ముగియునా యని అమెరికా వర్తకుడు టెలిఫోనులో నడుగును. ముగియదని అందరు నెరుగుదురు. ‘యస్ సర్’ అని ఒక గొంతు పలుకును. తరువాత రాత్రులు మేలుకొనువాడు ఆ గొంతు గలవా డొక్కడే కాడు. ‘డౌట్’ అను మాటయు నిట్టిదే: మనము ప్రశ్న యనుకొని పలుకుదుము, వారు అపనమ్మకమని విందురు.

కాదనుట అమర్యాదయని వెరచువారికి ‘ఇఫ్’ అను చిన్న మాట చాలును. ‘ఇంక నిద్దరు మనుష్యుల నిచ్చినచో పది దినములు; లేనిచో పదునైదు; అదియు కూడనిచో ఈ రెండు భాగములను వెనుకకు విడువుడు.’ ఇట్లు పలుకుటకు వ్యాకరణ మంతగా నక్కరలేదు. పని కెన్ని దినములు పట్టునో, ఎంతవరకు దిగవచ్చునో, ఎచ్చట లేచిపోవలెనో ముందుగా లెక్కగట్టి యుండవలెను. అడిగిన పిమ్మట ఊరకుండుట మరియొక విద్య. మనవారు వెల చెప్పిన మరుక్షణమే, ఎదుటివాడు నోరు విప్పకమునుపే, తామే తగ్గింతురు. బేగంబజారులో నిట్లు చేయువా రెవ్వరు? అచ్చట వెల విని, పెదవి విరిచి, రెండడుగులు వెనుకకు వేయు ఇల్లాలి కుమారుడే, జీతమెంత కావలెనని ఇంటర్వ్యూలో నడిగినచో ‘మీ దయ’ అని తల వంచును. భాష మారినంతమాత్రమున తల్లి విద్య మరచినాడు!

ఉచ్చారణ మక్కరలేదని మేమనము. అర్థమగునంత స్పష్టత వలయును, ఆపైది వేషము.

మన పఠనమందిరములయందు వారమున కొక సాయంకాల మిందుకై వినియోగింపవచ్చును. ఇద్దరిద్దరు కూర్చుండి ఇంటి అద్దెయో, జీతపు పెంపో, గడువు పొడిగింపో, ఏదో యొక నిజమైన వ్యవహారము నాంగ్లమున నడుపవలెను. ఎవరికి వారు తమ కనీసపు కోరికను ముందే చీటిపై వ్రాసి జేబులో నుంచుకొని, ముగిసిన పిమ్మట విప్పి చూడవలెను. మరుసటి వారము, అద్దె తగ్గింపుమన్నవాడే యింటి యజమానుడు కావలెను. తప్పు ఇంగ్లీషును దిద్దనిదే తోచని పెద్దలు ఆ గంటసేపు వెలుపలి అరుగుమీద కూర్చుండుట మేలు.