పోటీలో లేని తల్లిని ఎందుకు లాగడం?

ప్రత్యర్థిని గట్టిగా నిలదీయవద్దని మేము అనం. ఇంకా తేల్చుకోని ఓటరుకు అది కావాలి కూడా. కానీ 2021 తమిళనాడు ఎన్నికల ప్రచారంలో డీఎంకే నాయకుడు ఎ. రాజా అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి పుట్టుకపైనే మాట విసిరారు. పళనిస్వామి సభలో తల్లిని తలచుకుని కంటతడి పెట్టారు. రాజా క్షమాపణ చెప్పినా ఎన్నికల సంఘం 48 గంటలు ప్రచారం చేయనివ్వలేదు. డీఎంకే గెలిచింది. ఆ మాట వల్ల గెలిచిందని మాత్రం మేము నమ్మం.

విమర్శ విధానాలకు, గత పనితీరుకు పరిమితం కావాలని ఎన్నికల నియమావళే చెబుతోంది. పదేళ్ళ అన్నాడీఎంకే పాలన ఎదురుగా ఉండగా ఓ తల్లి ఊసెందుకు? పుట్టుక పేరుతో తరతరాలుగా మాటలు పడ్డవాళ్ళు మా సంఘాల్లో ఉన్నారు. అలాంటి మాట మనకు నచ్చిన పార్టీవాళ్ళు అన్నా మేము చప్పట్లు కొట్టం.