పురిటికి ముహూర్తమేమిటి?

మనవాళ్ళకి ముహూర్తం లేనిదే ఏ పనీ మొదలు కాదు. పెళ్ళికి ముహూర్తం, గృహప్రవేశానికి ముహూర్తం, బోరు వెయ్యడానికి ముహూర్తం, కొత్త కారు కొంటే దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి ముహూర్తం. పోనీలెండి, వాటివల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాదు. మహా అయితే తెల్లవారుజామున మూడున్నరకి తలంబ్రాలు చూడబోయినవాళ్ళకి నిద్ర చెడుతుంది. ఇన్నాళ్ళూ మన పంచాంగానికి లొంగకుండా మిగిలినవి రెండే రెండు: పుట్టడమూ, పోవడమూ. ఇప్పుడు మొదటిది కూడా లొంగిపోయింది.

నేను చెప్పేది ముహూర్తం పెట్టి మరీ చేయించుకునే పెద్దాపరేషన్ల సంగతి. మా సికింద్రాబాదులో పద్మారావునగర్ నించి మారేడుపల్లి దాకా నెలలు నిండిన అమ్మాయి వున్న ఏ ఇంటికైనా వెళ్ళి కూర్చోండి. వియ్యపురాళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూ వుంటారు.

“వదినగారూ, పద్దెనిమిది నించి ఇరవై నాలుగు లోపల ఎప్పుడైనా చేస్తానందండీ డాక్టరమ్మ. మా పంతులుగారు ఇరవై ఒకటో తారీకు పొద్దున్న ఎనిమిదీ నలభై రెండు దివ్యంగా వుందన్నారు.”

“మా పంతులుగార్నీ అడిగానండీ. లగ్నం మంచిదేట గాని, మేనమామకి కాస్త గండం కనిపిస్తోందిట. మాకు వున్నది ఒక్కడే కదండీ! ఇరవై మూడయితే ఎవరికీ దోషం లేదుట.”

ఇలా వారం రోజులు బేరం నడుస్తుంది. తాతగారికి దోషం లేకుండా, మేనమామకి గండం లేకుండా, తండ్రికి ప్రమోషన్ వచ్చేలా, బిడ్డకి అమెరికా యోగం పట్టేలా ఒక పావుగంట తేలుతుంది. ఎవరి కడుపు కొయ్యాలో ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఆవిడ గదిలో ఎడంపక్కకి తిరిగి పడుకుని ఇదంతా వింటూ వుంటుంది.

అంకెలు కనిపిస్తే ఆడవాళ్ళు పేజీ తిప్పేస్తారని మగవాళ్ళకి ఒక నమ్మకం. పాలవాడి లెక్కా, చీటీపాట లెక్కా చూసుకునే మనకి అంకెలంటే భయమా? ఈ నాలుగు అంకెలూ చదవండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి 21 కాన్పులు ఆపరేషన్లు. తెలంగాణలో నూటికి 60! దేశం మొత్తం మీద మనదే ప్రథమ స్థానం. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి 81. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ 44. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాటేమిటంటే, ఏ ప్రాంతంలోనైనా నూటికి పది దాకా ఆపరేషన్లు పెరుగుతూంటే తల్లీపిల్లల మరణాలు తగ్గుతాయి, పది దాటాక ఇంకెన్ని చేసినా ఆ మరణాలు తగ్గినట్టు కనిపించదు అని. మరి మిగతా కోతలన్నీ ఎవరి కోసం?

ఇన్ని ఆపరేషన్లకీ పంచాంగమే కారణమని నేననను. డాక్టర్ల పాలు వుంది, ఆసుపత్రి బిల్లుల పాలు వుంది. తొలిచూలు కాన్పుకి పన్నెండు గంటలో, పద్దెనిమిది గంటలో కనిపెట్టుకుని కూర్చోవాలి. ఆపరేషను గంటలో అయిపోతుంది, బిల్లూ పెద్దది. చిన్న నర్సింగు హోముల్లో రాత్రంతా మత్తు డాక్టరు వుండరు. ఏదైనా తేడా వస్తే బంధువులు అద్దాలు పగలగొడతారన్న భయం వాళ్ళకీ వుంది. ఇవన్నీ నిజాలే. కానీ వీటిలో మనం ఒకర్ని వేలెత్తి చూపించొచ్చు. ముహూర్తం విషయంలో చూపించడానికి ఎవరున్నారు? పంచాంగం పుచ్చుకుని ఆసుపత్రి మెట్లెక్కింది మనమే. ఆరోగ్యమంత్రిగా వున్న రోజుల్లో హరీశ్ రావుగారు ఈ ముహూర్తపు కోతలు మానండమ్మా అని సభల్లో బతిమాలవలసి వచ్చింది. మంత్రులు రోడ్ల గురించీ, నీళ్ళ గురించీ మాట్లాడాలి గాని, మన పురుళ్ళ గురించి మాట్లాడే పరిస్థితి తెచ్చుకున్నాం!

సరే, శాస్త్రం ప్రకారమే మాట్లాడుకుందాం. జాతకమంటే ఏమిటి? జీవుడు తన కర్మని బట్టి తనకి రాసిపెట్టిన వేళకి భూమ్మీద పడతాడనీ, ఆ వేళకి గ్రహాలు ఎక్కడున్నాయో చూసి చెప్పేది జాతకమనీ కదా పెద్దలన్నది? మరి వేళని మనమే నిర్ణయించి, కత్తి పెట్టి బిడ్డని బయటికి తీస్తే అది ఎవరి జాతకం? పరీక్ష పేపరు ముందే కొనుక్కుని ఫస్టు క్లాసు వచ్చిందని మిఠాయిలు పంచడం లాంటిది. గ్రహాల మీద నమ్మకం లేని నాకు ఇది తప్పుగా తోచింది సరే, నమ్మకం వున్నవాళ్ళకి ఇంకా పెద్ద తప్పుగా తోచాలే!

పోనీ మంచి లగ్నంలో పుట్టినవాళ్ళు సుఖపడ్డారా? చైత్ర శుద్ధ నవమి, పునర్వసు నక్షత్రం, కర్కాటక లగ్నం, అయిదు గ్రహాలు ఉచ్చలో. అంతకన్నా మంచి ముహూర్తం ఏ పంతులుగారూ పెట్టలేరు. ఆ పిల్లవాడు పద్నాలుగేళ్ళు అడవులపాలయ్యాడు, పెళ్ళాన్ని పోగొట్టుకున్నాడు. ఇంకొకాయన శ్రావణ బహుళాష్టమి నాడు, అర్ధరాత్రి, చెరసాలలో, రోహిణీ నక్షత్రంలో పుట్టాడు. మేనమామకి గండమని మనం తప్పించే నక్షత్రం అదే. ఆనాడు దేవకీదేవికి ఒక నర్సింగు హోమూ, ఒక పంతులుగారూ అందుబాటులో వుండి వుంటే మనకి కృష్ణాష్టమి వుండేది కాదు, ఉట్టి కొట్టడం వుండేది కాదు.

నవ్వులాట అలా వుంచండి. ఈ పావుగంట ఖరీదు ఎంతో చూద్దాం. “తొమ్మిదో నెల వచ్చేసిందిగా, ఒక వారం అటూ ఇటూ అయితే ఏం?” అంటారు. ఆ వారంలోనే వుంది అంతా. కాన్పుకి లెక్క నలభై వారాలు. కడుపులో వున్నన్నాళ్ళూ బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరుంటుంది. నెప్పులు మొదలయ్యాక తల్లీబిడ్డల ఒంట్లో పుట్టే రసాయనాలు ఆ నీటిని పీల్చెయ్యమని చెబుతాయి. నెప్పులే రాకుండా ముప్ఫై ఏడో వారంలోనో, ముప్ఫై ఎనిమిదో వారంలోనో బయటికి తీసిన పిల్లల్లో కొందరికి ఆ నీరు పోక, ఊపిరి అందక, ఎగశ్వాస పెడతారు. వాళ్ళని పట్టుకెళ్ళి అద్దాల పెట్టెలో పెడతారు. పైగా స్కానింగులో చెప్పిన వారాలు కొన్ని రోజులు అటూ ఇటూ కావచ్చు. మనం ముప్ఫై ఏడనుకున్నది నిజానికి ముప్ఫై ఆరయితే? అందుకే అవసరం మీద ముందుగా అనుకుని చేసే ఆపరేషనయినా, వేరే ప్రమాదం లేకపోతే, ముప్ఫై తొమ్మిది వారాలు నిండాకే చెయ్యాలని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆపరేషన్ల విషయంలో మనకి అన్నలాంటి బ్రెజిల్ దేశంలో కూడా, తల్లి కోరినా సరే 39 వారాలు నిండకుండా కొయ్యకూడదని 2016లో అక్కడి వైద్యమండలి నియమం పెట్టింది.

తరవాత తల్లి సంగతి. బిడ్డ అక్కడ, తల్లి ఇక్కడ. కుట్ల నొప్పితో పక్కకి ఒత్తిగిలలేదు. ముర్రుపాలు పట్టవలసిన గంట దాటిపోతుంది. పుట్టిన గంటలోపల తల్లిపాలు తాగిన పిల్లలు తెలంగాణలో నూటికి 37 మందేనని అదే సర్వే చెప్పింది. ఈలోగా ఎవరో ఒకరు డబ్బాపాలు కలిపి తెస్తారు. మళ్ళీ నాలుగో రోజున “దీనికి పాలు పడలేదు” అని అపవాదు కూడా ఆ పిల్ల మీదే! ఇంకా తరవాత, రెండో కాన్పులో మాయ వెళ్ళి పాత కుట్టు మీద అతుక్కుపోయే ప్రమాదం వుంది. అదే జరిగితే రక్తం ఆగక గర్భసంచి తీసెయ్యవలసిన పరిస్థితి కూడా వస్తుంది. ఎన్ని ఆపరేషన్లయితే ఆ ప్రమాదం అంత పెరుగుతుంది. ఈ దోషానికి శాంతి ఏ పంచాంగంలోనూ లేదు.

ఆపరేషను వద్దే వద్దని నేను అంటున్నానని అపార్థం చేసుకోకండి. మా పెద్దమ్మాయి ఆపరేషనుతోనే పుట్టింది. నెప్పులు పడుతూండగా అర్ధరాత్రి బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతే పరుగు పరుగున కోశారు. ఆ కత్తికి నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డంగా వున్నా, బీపీ పెరిగి తల్లికి ప్రమాదమయినా ఆపరేషను దేవుడి లాంటిది. డాక్టరే “తప్పదమ్మా, 39 నిండాక ఫలానా వారంలో చేద్దాం” అన్నప్పుడు, ఆ వారంలో మంగళవారం మానేసి బుధవారం పెట్టుకుంటే నాకేం పేచీ లేదు. పేచీ అంతా అవసరం లేని చోట కొయ్యడంతోనూ, అవసరమైన చోట గడియారం చూసి బిడ్డని ముందుకు లాగడంతోనూ, రాత్రి రెండింటికి లగ్నం బాగుందని సిబ్బంది సరిగా లేని వేళకి బల్ల ఎక్కించడంతోనూ.

ఇక్కడ చాలామంది అమ్మాయిలు నా మీద కళ్ళెర్రజేస్తారని తెలుసు. “నెప్పులు పడమంటారా మళ్ళీ? మా అమ్మమ్మ కాలానికి పొమ్మంటారా?” అని. అనను తల్లీ. నొప్పి పడితేనే తల్లి అవుతుందనే మాట మగవాళ్ళు కనిపెట్టింది. నొప్పి తగ్గించడం పాపమూ కాదు, మన వూరికి కొత్తా కాదు. విక్టోరియా రాణి 1853లోనే క్లోరోఫారం పీల్చి పిల్లవాణ్ణి కన్నది. ఆ క్లోరోఫారం ప్రాణాపాయం లేకుండా ఎలా ఇవ్వాలో తేల్చడానికి 1888లోనూ, 1889లోనూ కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాదులోనే, నిజాం ప్రభువు ఖర్చు మీద. ఆ రోజుల్లోనే మత్తు ఇవ్వడం నేర్చుకుని పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూంజీ హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదువుకున్న ఆడపిల్లే. ఇప్పుడు వెన్నులో ఇచ్చే ఇంజెక్షను వుంది. అడగండి, అది మీ హక్కు.

అసలు మన పిల్లలు భయపడేది నొప్పికి మాత్రమే కాదు. నెప్పుల గదిలో ఒంటరితనానికి భయపడతారు. “అప్పుడు తెలియలేదా, ఇప్పుడు అరుస్తావేం?” అని చాలాచోట్ల వినిపించే మాటకి భయపడతారు. ఆ గదిలోకి తల్లినో, భర్తనో రానిస్తే ఆపరేషన్లు తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి. తోడు మనిషి వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో చెప్పింది. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకి మంత్రసానితనంలో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. మిడ్‌వైఫ్ అంటున్నది వాళ్ళనే. వెన్ను నిమిరి, నడిపించి, ధైర్యం చెప్పే మనిషి వుంటే సగం ఆపరేషన్ల అవసరం మాట దేవుడెరుగు, సగం భయం ఖాయంగా పోతుంది.

అంచేత, కడుపుతో వున్న అమ్మాయిలూ, పంతులుగారి ఇంటికి కాదు, అయిదో నెలలోనే డాక్టరు దగ్గిరకి ఈ ప్రశ్నలు పట్టుకెళ్ళండి. మీ ఆసుపత్రిలో నూటికి ఎన్ని ఆపరేషన్లు? నెప్పుల గదిలోకి నా మనిషిని రానిస్తారా? నొప్పి తగ్గించడానికి ఏమి ఏర్పాటు వుంది? రాత్రిపూట మత్తు డాక్టరు వుంటారా? ఆపరేషను అంటే, ఎందుకు, ఇప్పుడే ఎందుకు, ఆగితే ఏమవుతుంది? మొదటిది ఆపరేషనయిన వాళ్ళు ఇంకొకటి అడగాలి: రెండోది మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చా అని. అందరికీ కుదరదు గాని, తగినవాళ్ళు పెద్దాసుపత్రిలో ప్రయత్నిస్తే నూటికి 70 మందికి పైగా మామూలుగానే కంటున్నారు. మా రెండోవాడు అలాగే పుట్టాడు. ఈ ప్రశ్నలకి విసుక్కునే డాక్టరయితే, ఇంకా నాలుగు నెలల టైముంది, డాక్టర్ని మార్చండి.

అత్తగార్లకీ, అమ్మలకీ ఒక మనవి. ముహూర్తాలు పెట్టుకోవాలన్న మీ సరదా నేను కాదనను. పిల్ల పుట్టాక బారసాలకి పెట్టండి, అన్నప్రాశనకి పెట్టండి, పుట్టువెంట్రుకలకి పెట్టండి, అక్షరాభ్యాసానికి పెట్టండి. మీ పంతులుగారి చేతినిండా పని వుంటుంది. జాతకం కూడా బంగారంలా రాయించుకోండి. ముందు పిల్లని దాని వేళకి దాన్ని పుట్టనివ్వండి.