వాచీ మన చేతికి... తాళం వాళ్ళ చేతిలో

మా మేనమామ 1996లో కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు మా నాన్నకు ఒక జపాన్ వాచీ తెచ్చాడు. రాయచోటి దగ్గర మా పల్లెలో అప్పట్లో అదొక వార్త. చూడ్డానికి వీధిలో వాళ్ళంతా వచ్చారు. ఆ వాచీ టైం చూపించేది, తేదీ చూపించేది, అంతే. పెట్టె మీద ఏం రాసి ఉందో అదే చేసింది. ఇరవై ఏళ్ళు చేసింది. నన్ను కువైట్‌లో కొన్నారా, కడప జిల్లాలో పెట్టుకున్నారా అని ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు నేనూ కువైట్‌లోనే ఉన్నాను, సైట్ సూపర్‌వైజర్‌గా. ఆ మధ్య 118 దినార్లు పెట్టి ఒక స్మార్ట్ వాచీ కొన్నాను. అది మాత్రం అడిగింది. ఏ దేశంలో ఉన్నారు అని అడిగి, జవాబు తెలిశాక "ఈ ఫీచర్ మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని చెప్పి ఊరుకుంది. కంపెనీ పేరు, షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు, ఒక్క షాపు సంగతీ కాదు.

ఎందుకు కొన్నానో చెప్పాలి. జూన్ నెల. మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది గదా, జూన్ నుంచి ఆగస్టు దాకా. అందుకని తెల్లవారుజామునే పని మొదలు. ఒకరోజు పది గంటలప్పుడు మూడో అంతస్తులో షట్టరింగ్ చూస్తుంటే గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. రెండు నిమిషాలు పైపు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత అదే తగ్గిపోయింది. సాయంత్రం క్లినిక్కుకు పోతే ఈసీజీ తీశారు. అంతా బాగానే ఉంది. అక్కడి డాక్టరు ఒక మాట చెప్పాడు. "దడ వచ్చినప్పుడు తీస్తేనే ఏమైనా తెలుస్తుంది. పోయాక తీస్తే గుండె మామూలుగానే కనపడుతుంది. మళ్ళీ వస్తే చెప్పు, 24 గంటల మిషన్ పెట్టి చూద్దాం."

మా నాన్నకు గుండె జబ్బు ఉంది. నాకు ముప్పై దాటాయి. ఇంట్లో ఇద్దరు పిల్లలు. దడ వచ్చిన నిమిషంలోనే ఈసీజీ తీసే వస్తువు చేతికే ఉంటే ఇంకేం కావాలి అనుకున్నాను. షాపులో పెట్టె మీద గుండె బొమ్మ, దాని పక్కన ఈసీజీ గీత. అది చూసే కొన్నాను, రంగు చూసి కాదు.

"అప్‌డేట్ వస్తుంది భాయ్"

మహబూలాలో మా రూముకు వచ్చి, ఫోనుకు కలిపి, ఆ గుండె బొమ్మ నొక్కితే వచ్చిన జవాబు పైన చెప్పాను. శుక్రవారం పట్టుకుని షాపుకు పోయాను. "సీల్ తీశారు, వాపసు లేదు. వాచీ బాగానే ఉంది గదా. ఆ ఫీచర్ వచ్చే అప్‌డేట్‌లో వస్తుంది భాయ్" అన్నాడు. సరేననుకుని వచ్చేశాను. నాలుగు నెలల్లో మూడు అప్‌డేట్లు వచ్చాయి. కొత్త డయల్ బొమ్మలు వచ్చాయి, కొత్త రంగులు వచ్చాయి. ఈసీజీ రాలేదు.

ఈలోపల దడ రెండుసార్లు వచ్చి పోయింది. డాక్టరు దగ్గరికి పోలేదు. అప్‌డేట్ వస్తే నేనే తీసుకుని చూపిస్తాను అనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా ఆవిడకు చెప్పలేదు. రూములో రాజంపేట తమ్ముడు ఒకడు "అన్నా, అంత రేటు పెట్టి వాచీ కట్టుకున్నావు, నీకేం భయం?" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

అక్టోబరులో ఒక రాత్రి కాంక్రీటు పోస్తుండగా మళ్ళీ వచ్చింది. ఈసారి చాలాసేపు ఉంది. వాచీ చూస్తే నాడి 148 అని అంకె చూపిస్తోంది. కొట్టుకునే లయ సరిగా ఉందా, తప్పిందా అనేది చెప్పడం లేదు. తెల్లారి డాక్టరు దగ్గరికి పోతే మొదట తిట్టాడు, తర్వాత ఛాతీకి తీగలు అంటించి 24 గంటల హోల్టర్ మిషన్ పెట్టించాడు. దేవుడి దయ, పెద్ద జబ్బేమీ లేదు. నిద్ర తక్కువ, నీళ్ళు తక్కువ, టీ ఎక్కువ అన్నాడు.

నాకు ఏమీ కాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. కానీ లోపల జబ్బు ఉండి ఉంటే? ఆ నాలుగు నెలలు ఎవరి ఖాతాలో వెయ్యాలి? ఫీచర్ లేకపోవడం నాకు చేసిన నష్టం 118 దినార్లే. "వస్తుంది" అన్న మాట చేసిన నష్టం అంతకంటే పెద్దది. ఆ మాట నమ్మి నేను డాక్టరును వాయిదా వేశాను.

మనకొక్కరికే కాదు

ఇలా మోసపోయేది మనలాంటి పనివాళ్ళేనేమో అనుకున్నాను మొదట్లో. చదివి చూస్తే, డబ్బున్న దేశాల వాళ్ళూ ఇదే గోల పెడుతున్నారు.

ఆపిల్ కంపెనీ 2018 సెప్టెంబరులో ఈసీజీ ఉన్న సిరీస్ 4 వాచీని ప్రకటించింది. సొంత దేశం అమెరికాలోనే ఆ ఫీచర్ డిసెంబరులో గానీ తెరుచుకోలేదు. మన ఇండియాలో 2019 సెప్టెంబరులో వచ్చింది. ఆస్ట్రేలియా వాళ్ళకు 2021 మే నెల దాకా రాలేదు. వాచీలో యంత్రం ఉంది, మీట నొక్కడానికి వీల్లేదు. దీనికి ఒక న్యాయమైన కారణం ఉంది, అది కూడా చెప్పాలి. ఈసీజీ చూసి గుండె లయ తప్పిందని చెప్పేది వైద్య పరికరం కింద లెక్క. ఏ దేశానికి ఆ దేశం ఆరోగ్య శాఖ పరీక్షించి అనుమతి ఇవ్వాలి. అది మన మంచికే. కాకపోతే, అనుమతి రాకముందే ఆ దేశంలో ఆ బొమ్మ చూపించి అమ్మడం ఏం న్యాయం?

రెండో రకం తాళం ఫోనుది. శాంసంగ్ గెలాక్సీ వాచీలో ఈసీజీ తీయాలంటే చేతిలో ఫోను కూడా శాంసంగ్ గెలాక్సీయే ఉండాలి. ఆపిల్ వాచీ అయితే ఐఫోన్ లేనిదే మొదలే కాదు. ఊళ్ళో నాన్నకు, బావమరిదికి వాచీ తీసుకుపోయే మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళ చేతిలో ఏ ఫోను ఉందో అడగకుండా కొంటే అది గిఫ్టు కాదు, తలనొప్పి.

మూడో రకం, ఇచ్చింది వెనక్కి తీసుకోవడం. ఫిట్‌బిట్ కంపెనీని గూగుల్ కొనేసింది, 2021 జనవరిలో ఆ వ్యవహారం పూర్తయింది. 2023 మార్చిలో, స్నేహితులతో అడుగుల పోటీ పెట్టుకునే ఫీచర్లను తీసేసింది. చాలామంది ఆ పోటీ కోసమే కొన్నారు. అమెరికాలో ఆపిల్‌కు, మాసిమో అనే కంపెనీకి పేటెంటు తగాదా వచ్చి, 2024 జనవరి నుంచి అక్కడ అమ్మిన కొత్త వాచీల్లో రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఫీచర్ ఆపేశారు. మళ్ళీ వేరే పద్ధతిలో తెచ్చింది 2025 ఆగస్టులో. ఏడాదిన్నర! మధ్యలో కొన్నవాళ్ళకు రేటు మాత్రం తగ్గలేదు.

నాలుగో రకం చందా. 2025 మార్చిలో గార్మిన్ కంపెనీ నెలకు దాదాపు 7 డాలర్లతో కొత్త పథకం పెట్టింది. మన లెక్కలో రెండు దినార్ల పైనే. పాత ఉచిత ఫీచర్లు ఉచితంగానే ఉంటాయని చెప్పింది. అయినా వందల డాలర్లు పోసి కొన్నవాళ్ళు ఊరుకోలేదు. ఇకపై మంచివన్నీ చందా కట్టినవాళ్ళకేనా అని నిలదీశారు.

వాళ్ళ అరుపుకు ఫలితం లేకపోలేదు. 2025 మే నెలలో వూప్ అనే కంపెనీ కొత్త పట్టీ తెచ్చింది. పాత సభ్యులకు ఉచితంగా మారుస్తామని అంతకుముందు చెప్పిన మాట తప్పి, డబ్బు అడిగింది. సభ్యులు గట్టిగా గొడవ చేశారు. కొద్ది రోజులకే, ఏడాదికి మించి గడువు మిగిలి ఉన్నవాళ్ళకు ఉచితంగా ఇస్తామని దిగివచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కంపెనీ పెడుతుందా?

హ్యాండింగ్ ఓవర్ ఇలాగేనా?

నేను చదివింది సివిల్ డిప్లొమా. నాకు తెలిసింది బిల్డింగు. మా పనిలో బిల్డింగు అప్పజెప్పేటప్పుడు కన్సల్టెంట్ ఇంజినీరు కాగితం పట్టుకుని ప్రతి గది తిరుగుతాడు. డ్రాయింగులో ఉన్నదంతా ఉందా, ఉన్నది పనిచేస్తోందా చూస్తాడు. ఒక కుళాయి రాకపోయినా రాసుకుంటాడు. లిఫ్టు బిగించి, "కరెంటు వచ్చే అప్‌డేట్‌లో ఇస్తాం సార్" అంటే సంతకం పెడతాడా? బిల్లు ఆగిపోతుంది. అప్పజెప్పిన రెండేళ్ళకు వచ్చి "మీ మూడో బెడ్‌రూముకు తాళం వేస్తున్నాం, కావాలంటే నెలనెలా కట్టండి" అంటే ఓనరు ఊరుకుంటాడా?

వాచీల వ్యాపారంలో మాత్రం ఇవన్నీ చెల్లుతున్నాయి. మా వైపు ఒక మాట ఉంది, ఎనుమును నీళ్ళలో పెట్టి బేరం చేసినట్టు అని. సీల్ వేసిన పెట్టె సరిగ్గా అదే. సీల్ తీస్తే గానీ కొమ్ములున్నాయో లేదో తెలియదు, తీస్తే వాపసు లేదు.

అందుకని మేం కోరేది పెద్దదేమీ కాదు. కువైట్‌లో దినార్లకు అమ్మే పెట్టె మీద కువైట్‌లో పనిచేసేవే ఉండాలి. పనిచేయనివి ఉంటే, అదే పెట్టె మీద, అదే సైజు అక్షరాలతో చెప్పాలి. అమ్మాక ఒక ఫీచర్ తీసేస్తే, వద్దనుకున్నవాడికి డబ్బు వెనక్కి ఇవ్వాలి. అడిగే దారి కూడా ఉంది. కువైట్‌లో 2014 నాటి 39వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, వాణిజ్య పరిశ్రమల శాఖ ఫిర్యాదులు తీసుకుంటుంది. అకామాకు ఏమవుతుందోనని మనవాళ్ళు భయపడతారు. వాచీ బిల్లుకూ కఫీల్‌కూ ఏం సంబంధం? బిల్లు మాత్రం పారేయకండి. ఇండియాలో కొన్నవాళ్ళకైతే 1915 నంబరు ఉంది.

కొనేముందు అడగండి

నేను అడగలేదు, మీరు అడగండి. ఈ ఫీచర్ కువైట్‌లో ఈరోజు పనిచేస్తుందా? ఊరికి తీసుకుపోతే అక్కడ పనిచేస్తుందా? నా ఫోనుతో పనిచేస్తుందా? నెలనెలా కట్టాలా? వారంటీ ఇండియాలో చెల్లుతుందా? షాపులో డెమో పీసు ఉంటే దాని మీద ఆన్ చేసి చూపించమనండి. "వస్తుంది" అంటే, ఆ మాటే బిల్లు మీద రాయమనండి. రాయడానికి చెయ్యి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకో మోసం ఉంది, అది ఇంతకన్నా ప్రమాదం. ఉన్న ఫీచరుకు తాళం వేసేవాడు ఒకడైతే, లేని ఫీచరు అమ్మేవాడు ఇంకొకడు. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తుందని పది, పదిహేను దినార్లకు వాచీలు అమ్ముతున్నారు. రక్తం తీయకుండా, చర్మం గుచ్చకుండా తనంతట తాను షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికే వస్తుంది.

మంచి వాచీ అయినా సరే, గుండెపోటును కనిపెట్టలేదు. ఆ మాట ఆపిల్ కంపెనీయే చెబుతుంది. ఛాతీలో నొప్పి, చెయ్యి లాగడం, చెమటలు పడితే వాచీ చూస్తూ కూర్చోకండి. ఇక్కడైతే 112, ఊళ్ళో అయితే 108.

ఆ వాచీ ఇప్పటికీ నా చేతికే ఉంది. 118 దినార్లు కదా, ఎలా పారేస్తాను? నాడి చూపిస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది, నీళ్ళు తాగమని గుర్తుచేస్తుంది. ఆ చివరిది నిజంగా పనికొస్తోంది. ఈసీజీ గుండె బొమ్మ మాత్రం నొక్కడం మానేశాను. సెలవుకు వెళ్ళినప్పుడు మా నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది టైం సరిగ్గా చూపిస్తుందా?" అని అడిగాడు. చూపిస్తుంది నాన్నా అన్నాను. "అయితే చాల్లే" అన్నాడు.

చాలదు నాన్నా. పెట్టె మీద ఇంకా చాలా రాశారు. డబ్బు మొత్తం ఇచ్చినవాళ్ళం, మొత్తం అడగాలి.